మిర్చి అమ్ముడైనా కరెంటు పద్దు ముగియదు

అమరావతి: పల్నాడు మిర్చికి గుంటూరు యార్డు ఎంత ముఖ్యమో, అక్కడి కోల్డు స్టోరేజీలు అంత ముఖ్యమని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. ఫిబ్రవరి నుంచి మే వరకు రాబడి ఉధృతంగా ఉండే రోజుల్లో మిగులు సరుకు ఏసీలకు చేరుతుంది. ధర కలిసివస్తే కొన్ని నెలల్లో బయటికి వస్తుంది, లేకుంటే మరుసటి పంట దాకా అక్కడే ఉంటుంది. టిక్కీకి సీజనుకు ఇంత అని అద్దె ముందే ఖరారవుతుంది. వర్తకుడు పెట్టుబడి, వడ్డీ, హమాలీ, అద్దె కలుపుకుని గిట్టుబాటు ధర వేసుకుంటాడు. కరెంటు ఖర్చు ఈ లెక్కలో విడిగా కనిపించదు, అద్దెలోనే ఇమిడి ఉంటుంది. చిక్కు అక్కడే వచ్చింది.

విద్యుత్ బోర్డు ఉన్న కాలంలో యూనిట్టుకు ఒక రేటు, నెలకు ఒక బిల్లు. రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టం 1998లో వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000 ఏప్రిల్‌లో పంపిణీ సంస్థలు వేరుపడ్డాయి. రేటు నిర్ణయించే అధికారం నియంత్రణ మండలికి వెళ్లింది. ఆ ఏడాదే చార్జీల పెంపుపై రాష్ట్రమంతటా రేగిన ఆందోళన, ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు మరచిపోయేవి కావు. అయితే వర్తకుని పద్దుకు అసలు తాకిడి తరువాత వచ్చిన సర్దుబాటు చార్జీలతోనే.

2022 వేసవిలో బొగ్గు కొరత ఏర్పడింది. ఏప్రిల్ 8 నుంచి రెండు వారాలు పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. ఆ సంవత్సరం బయట అధిక ధరకు కొన్న కరెంటు భారం కింద సుమారు 6,073 కోట్ల రూపాయల వసూలుకు మండలి 2024లో అనుమతించింది. 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో అది కనిపించింది, అదీ 2022-23లో వాడిన యూనిట్ల లెక్కన. ఆనాటి మిర్చి ఎప్పుడో అమ్ముడైంది. అద్దె ముట్టింది, ఖాతా మూసివేశారు. తీరా ఆ సరుకును చల్లగా ఉంచిన కరెంటుకు మిగులు బాకీ రెండేళ్లకు వచ్చి గుమ్మంలో నిలిచింది. పాత సరుకుదారుని పట్టుకుని అడిగే వీలు లేదు. యజమాని కొత్త సరుకు అద్దెలో కలుపుకోవలసిందే. అలాగే 2024-25కు అధికంగా వసూలైన 923 కోట్లను యూనిట్టుకు 13 పైసల చొప్పున తిరిగి ఇవ్వాలని 2025లో ఉత్తర్వు వచ్చింది. ఆ లాభమూ ఆనాటి సరుకుదారునికి చేరేది కాదు.

ఇక గంటల రేటు. 2022-23 టారిఫ్ ఉత్తర్వులో హైటెన్షన్ పరిశ్రమలకు ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 పీక్ గంటలుగా, పగలు 10 నుంచి 3, అర్ధరాత్రి నుంచి ఉదయం 6 వరకు చవక గంటలుగా విభజించారు. గిరాకీ అధికంగా ఉండే నెలలుగా ఎంచినవాటిలో ఫిబ్రవరి నుంచి మే వరకు నాలుగూ ఉన్నాయి. సరిగ్గా టిక్కీలు దిగే రోజులవే! తలుపులు తెరిచి, ఎండలో వేడెక్కిన బస్తాలు లోపల వేస్తున్నప్పుడు కంప్రెసర్ ఆపమని ఎవరూ చెప్పలేరు. జూన్ తరువాత సంగతి వేరు. గది నిండి, గోడల ఇన్సులేషన్ బాగుంటే చవక గంటల్లో చలి పట్టించి సాయంత్రం యంత్రాన్ని తగ్గించవచ్చు.

పవర్ ఫ్యాక్టరు సంగతి ఇంకా తేలిక, అయినా ఎక్కువగా అశ్రద్ధ చేసేదీ అదే. బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తున్నందున ఫ్యాక్టరు 0.85 ఉంటే వాడిన 100 యూనిట్లకు సుమారు 118 పడతాయి. కెపాసిటర్లు సరిచేసి 0.98కి తెస్తే 102. ఇందుకు ఏ ప్రభుత్వ పథకం కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

సిమెంటు ఫ్యాక్టరీల దారి వేరు. ఏడాదికి 30 వేల టన్నుల చమురుకు సమానమైన ఇంధనం వాడే సిమెంటు యూనిట్లకు కేంద్రం 2012 నుంచి పొదుపు లక్ష్యాలు విధించింది. లక్ష్యం మించినవారికి సర్టిఫికెట్లు వస్తాయి, తగ్గినవారు కొనాలి. 2017 సెప్టెంబరులో ఎక్స్చేంజీలలో వీటి వ్యాపారం మొదలైంది. కోల్డు స్టోరేజీలకు అటువంటి రాబడి లేదు.

కరెంటే సరుకైపోయిందనడానికి మరొక గుర్తు, 2025 జూలైలో ఎంసీఎక్స్‌లో మొదలైన విద్యుత్ ఫ్యూచర్సు. లాటు 50 మెగావాట్ అవర్లు, అనగా 50 వేల యూనిట్లు. తేజీ మందీ ఎరిగిన మన వర్తకులకు ఆసక్తి కలగడం సహజం. అయితే ఇది ఎక్స్చేంజీ ధరకు ముడిపడినది. టారిఫ్ రేటుకు కొనే స్టోరేజీ యజమానికి ఇది నేరుగా రక్షణ కాదని మా అభిప్రాయం.

2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించిన సంగతి విదితమే. అటువంటి ఏడాది సరుకు ఏసీలలో ఎక్కువ కాలం నిలుస్తుంది. కనుక ఈసారి అద్దె మాట్లాడుకునేటప్పుడు తరువాత వచ్చే సర్దుబాటు చార్జీ ఎవరిది, తిరిగి వచ్చే సొమ్ము ఎవరిది అనే రెండు మాటలు రసీదు మీదనే రాయించుకోవడం ఉభయులకూ మంచిది.