గోవాడ గడలో ఇంధనం

చోడవరం మండలం గోవాడ పేరెత్తగానే ఉత్తరాంధ్ర రైతుకు చక్కెర మిల్లే గుర్తొస్తుంది. కాగితాల మీద అది చోడవరం సహకార చక్కెర కర్మాగారం, జనం నోట మాత్రం ‘గోవాడ ఫ్యాక్టరీ’. ఉమ్మడి విశాఖ జిల్లాలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మిల్లులు ఆగిపోయాక కూడా క్రషింగ్ సాగించిన సహకార మిల్లు ఇదే.

ఇక్కడి గడ వెనుక వందేళ్ల ప్రభుత్వ పరిశోధన ఉంది. అనకాపల్లి పరిశోధన కేంద్రం 1913లో పుట్టింది. రైతులు ‘విశ్వామిత్ర’ అనే రకానికి అక్కడ పెట్టిన పేరు 87ఎ298. ముందున్నది ఏడాది, ‘ఎ’ అంటే అనకాపల్లి, చివరిది మొలక సంఖ్య. చెరకు బాగా పూసే కోయంబత్తూరులో సంకరం చేసి, నూగులాంటి గింజల్ని రాష్ట్రాలకు పంపుతారు. వేల మొలకల్లోంచి ఒక్కటి పొలం చేరడానికి పదేళ్ల పైనే పడుతుంది. ఆ తర్వాత రైతుకు గింజతో పనే లేదు. నాటేది ముచ్చెలు (గడ ముక్కలు), మరుసటి ఏడు కార్శి (నరికిన మోళ్ల నుంచే వచ్చే పంట).

ఒకప్పుడు బెల్లం కోసం, చక్కెర కోసం కొలిచిన తీపే ఇవాళ ఇంధనానికీ కొలమానం. ఈస్టు ఆల్కహాలుగా మార్చేది ఆ తీపినే. టన్ను చెరకులో చక్కెర తీశాక మిగిలే మడ్డి నుంచి సుమారు 10 లీటర్ల ఇథనాల్ వస్తే, రసాన్ని నేరుగా పులియబెడితే 70 లీటర్ల దాకా వస్తుంది. ఈ రెండో దారిని 2018 జాతీయ జీవ ఇంధన విధానం తెరిచింది. 2003లో 5 శాతంతో మొదలైన పెట్రోల్లో ఇథనాల్ మిశ్రమం 2025లో 20 శాతానికి చేరింది.

చెరకు ఏడాది పంట, నీరూ ఎక్కువే కావాలి. అందుకే పటాన్‌చెరులోని ఇక్రిశాట్, రాజేంద్రనగర్ జొన్న పరిశోధన కేంద్రం తీపి జొన్న మీద పనిచేశాయి. నాలుగు నెలల్లో కంకి ఇంటికి, కాడ ఇంధనానికి! 2007లో ఉమ్మడి మెదక్ జిల్లాలో రుస్ని డిస్టిలరీ ఆ రసంతో ఇథనాల్ తీసింది. అయితే కోసిన కాడ నిలవదు, రసం త్వరగా పులుస్తుంది. దాంతో అదే జిల్లాలోని ఇబ్రహీంబాద్‌లో ఊళ్లోనే గానుగ పెట్టి, రసాన్ని పాకంగా కాచారు. పొలం గట్టున బెల్లం వండే అనకాపల్లి రైతుకు ఇది తెలిసిన విద్యే. తోటకూ గానుగకూ మధ్య దూరం తక్కువగా ఉండటమే గోవాడకున్న అసలు ఆస్తి అని నాకనిపిస్తుంది. ఇథనాల్ గురించి ఏ ఆలోచన చేసినా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

విశాఖ నుంచి రైల్లోనో బస్సులోనో అనకాపల్లి చేరి, చోడవరం బస్సెక్కి, అక్కడి నుంచి గోవాడ వెళ్లొచ్చు. మిల్లు, పరిశోధన కేంద్రం లోపల చూడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. చెరకు నరికి బెల్లం వండే రోజులు కావాలంటే సంక్రాంతి చుట్టుపక్కల వెళ్లండి. దారిలో అనకాపల్లి బెల్లం మార్కెట్టు కూడా చూడొచ్చు.