పాత కారుతో పదేళ్ల కాపురం



కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువారి ఇళ్లలో ఒక చిత్రం ఉంది. వంటింట్లో తెలుగు, వీధిలో తమిళం. బండి చెడిపోయిన రోజున మాత్రం రెండూ కాని మూడో భాష వినబడుతుంది. గ్యాస్కెట్టు, బేరింగు, బుష్షు, క్లచ్చి ప్లేటు. ఇవి ఏ భాష మాటలని అడిగేవాళ్లెవరూ లేరు. ఈ పూట కాసేపు ఆ భాషలో మాట్లాడుకుందాం.

మరొకరు ఆరేడేళ్లు వాడిన కారు మీరు కొన్నారనుకోండి. రెండేళ్లు తిరిగి అమ్మేయడానికి కాదు. అమ్మాయి చదువు ముగిసేదాకా, ఇంటి అప్పు తీరేదాకా, ఇంకో పదేళ్లు అది మీ ఇంటి ముందే ఉండాలి. సాధ్యమేనా? సాధ్యమే. కాకపోతే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కారులో ఖరీదైన భాగాలు సాధారణంగా వాటంతట అవి చావవు. చవక భాగాలను పట్టించుకోకపోవడం వల్ల చస్తాయి. కొన్ని వందల రూపాయల రబ్బరు గొట్టం పగిలి నీళ్లు కారిపోతే, వేలకు వేలు పోసి ఇంజన్ విప్పించాలి.

ఇది మన ప్రాంతానికి కొత్త పాఠమేమీ కాదు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారి కథ మీలో చాలామందికి తెలుసు. ఆయన మోటారు విద్య మొదలైందే ఒక వాడిన బండితో. ఒక దొరగారి దగ్గర రడ్జ్ మోటారు సైకిలు చూసి ముచ్చటపడి, హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొన్నారు. కొన్నాక ఊరేగలేదు. ముక్కముక్కగా విప్పారు, మళ్లీ కూర్చారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి, దాన్ని యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే పెద్ద సంస్థగా పెంచారు. బస్సు నడిపేవాడికి చెడ్డాక బాగుచేసుకునే తీరిక ఉండదు. ప్రయాణికుడు నిలబడి ఉంటాడు. చెడిపోకముందే విప్పి చూడటం ఆ వృత్తికి ప్రాణం. అవినాశి రోడ్డులో ఆయన పేరిట ఉన్న సంస్థవారు 2015లో కార్ల మ్యూజియం తెరిచారు. పిల్లలను తీసుకెళ్లి చూపించండి. నూరేళ్ల నాటి బండి కూడా, చూసుకునే చెయ్యి ఉంటే నిలుస్తుందని వాళ్లకు కళ్లారా తెలుస్తుంది.

మదురై సంగతీ అంతే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలూ కరువే, టైర్లూ కరువే. అప్పుడు టి.వి.ఎస్. వారు బొగ్గు గ్యాసుతో బండ్లు నడిపే యంత్రాలు తయారుచేశారు. అరిగిన టైర్లకు కొత్త రబ్బరు పరిచే ఫ్యాక్టరీని 1943లో మదురైలో పెట్టారు. కొత్తది దొరకని కాలం ఉన్నదాన్ని కాపాడుకోవడం నేర్పింది.

సరే, మన బండి దగ్గరికి వద్దాం. కొనేముందు ఒక్క హెచ్చరిక. మీటరులో కిలోమీటర్లు తక్కువ ఉన్నాయని సంబరపడకండి. అంకెలు వెనక్కి తిప్పడం కష్టమేమీ కాదు. నలభై వేలు తిరిగిందంటున్న బండికి బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగు చక్రం పాలిషు పట్టినట్టు మెరుస్తుంటే, అంకె అబద్ధమాడుతోందన్నమాట. కంపెనీ సర్వీసు కేంద్రంలో బండి నంబరు చెబితే పాత సర్వీసుల వివరం చాలావరకు తెలుస్తుంది. ఆ వివరం తెమ్మని అమ్మేవారినే అడగండి. రెండోది, వరద. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు మళ్లీ మునిగింది. అలా మునిగిన బండ్లు తుడిచి, కడిగి, సెంటు కొట్టి వేరే ఊళ్లలో అమ్మకానికి రావడం వింత కాదు. కాళ్ల కింది తివాచీ ఎత్తి చూడండి. సీటు పట్టాల మీద తుప్పు, బెల్టు పూర్తిగా బయటికి లాగితే అడుగున మట్టి చార, దీపాల అద్దాల లోపల నీటి గీత. వీటిలో ఒక్కటి కనబడినా, ధర ఎంత తగ్గించినా, దండం పెట్టి వచ్చేయండి. వైర్ల లోపల పట్టిన తుప్పు ఏ మేస్త్రీ పూర్తిగా తీయలేడు.

కొన్న మొదటి నెలలో ఏం చెయ్యాలి? అమ్మినాయన "మొన్ననే అంతా మార్పించానండీ" అంటాడు. నిజమే కావచ్చు. అయినా బిల్లు చూపించనిదేదీ మార్చలేదనే అనుకోండి. ఇంజన్ ఆయిలు, దాని ఫిల్టరు, గాలి ఫిల్టరు, కూలెంటు, బ్రేకు ఆయిలు, గేరుబాక్సు ఆయిలు, అన్నీ కొత్తగా పోయించండి. ఆ రోజునే ఒక నోటుపుస్తకం తెరవండి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, వేసిన సామాను, పుచ్చుకున్న డబ్బు. ఇంతే రాయాలి. అయిదేళ్ల తరువాత ఆ పుస్తకం మీ మేస్త్రీ కంటే బాగా మాట్లాడుతుంది. ఆరు నెలలకోసారి బ్యాటరీ చచ్చిపోతోందంటే లోపం బ్యాటరీలో లేదనీ, చార్జింగు చూడాలనీ చెప్పేది అదే.

ఇక నీళ్ల విషయం. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. ఎండలో నడిచే మన బండ్లకు వేడే పెద్ద శత్రువు. మన ఇళ్లలో ఆడవాళ్లకు మంచినీళ్లకూ ఉప్పునీళ్లకూ ఉన్న తేడా ఒకరు చెప్పనక్కర్లేదు. శిరువాణి నీళ్లు పప్పు ఉడికించడానికి, బోరునీళ్లు గిన్నెలు కడగడానికి. బోరునీళ్లు కాచిన బిందె అడుగున తెల్లగా గార కడుతుంది చూడండి, సరిగ్గా ఆ గారే రేడియేటరు సన్నని గొట్టాల్లోనూ కడుతుంది. రేడియేటరులో నీళ్లు తగ్గాయని పెట్రోలు బంకు కుళాయి కిందో, ఇంటి బోరు కిందో చెంబు పట్టి పోసేస్తాం. ఒకసారికి ఏమీ కాదు. అదే అలవాటైతే నాలుగేళ్లలో దారులు మూసుకుపోతాయి. ఏప్రిల్ నెల మధ్యాహ్నం, ఏసీ వేసుకుని, దిండిగల్ దాటాక టెంపరేచరు ముల్లు పైకి లేస్తుంది.

కాబట్టి రేడియేటరులో పోయవలసింది కూలెంటు. అది మరుగు హద్దును పెంచుతుంది, లోపలి లోహానికి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. నీళ్లు కలపవలసి వస్తే, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు కలపండి. కారు పుస్తకంలో ఎన్నేళ్లకు మార్చమన్నారో అన్నేళ్లకు మార్చండి. పనిలో పనిగా రబ్బరు గొట్టాలను చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కి చూడండి. అప్పడంలా గట్టిపడినా, ఉబ్బి మెత్తబడినా మార్చేయండి. దారిలో ముల్లు ఎర్రగీత చేరితే, "ఊరు దగ్గరే కదా, వెళ్లిపోదాం" అనవద్దు. ఆ నాలుగు కిలోమీటర్లలోనే అల్యూమినియం హెడ్డు వంగిపోతుంది. పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, పూర్తిగా చల్లారేదాకా ఆగండి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తిప్పితే ఆవిరి ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లార్చాలని ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించడమూ ప్రమాదమే.

ఆలస్యమైతే డబ్బు పోయే పనులు ఇప్పటిదాకా చెప్పాను. ప్రాణం పోయే పని ఒకటి ఉంది. బ్రేకు ఆయిలు. ఊళ్లో తిరిగే బండి బ్రేకు ఆయిలు గురించి ఎవరూ ఆలోచించరు. ఎందుకంటే ఊళ్లో అది మోసం చెయ్యదు. మనం మాత్రం సెలవు వస్తే ఊటీకి ఎక్కుతాం, కొడైకెనాలుకు ఎక్కుతాం, ఆళియారు నుంచి నలభై మలుపులు తిరిగి వాల్పారైకు ఎక్కుతాం. ఎక్కేటప్పుడు ఇంజన్‌కు పరీక్ష, దిగేటప్పుడు బ్రేకులకు. ఈ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. సుమారు 3.7 శాతం నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాటు దిగుతూ ప్రతి మలుపులో బ్రేకు తొక్కుతూ ఉంటే, చక్రాల దగ్గర పుట్టే వేడికి ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఆయిలు నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడలు మెత్తగా నేలదాకా పోతుంది, బండి మాత్రం ఆగదు.

రెండేళ్లకోసారి బ్రేకు ఆయిలు పూర్తిగా మార్పించండి. కొంచెం పైపైన పోయడం కాదు, పాతదంతా తీయించి పోయించాలి. ఇది పెద్ద ఖర్చు కాదు, ఒక పూట కుటుంబమంతా హోటల్లో భోంచేసినంత. ఇంకొక మాట. ఏ గేరులో కొండ ఎక్కారో ఆ గేరులోనే దిగమని పాత బస్సు డ్రైవర్లు చెప్పేవారు. ఇప్పటికీ అదే నిజం. పెట్రోలు మిగులుతుందని న్యూట్రలులో వదిలి దిగేవాళ్లను చూస్తే నాకు వాళ్ల మీద కంటే వెనక సీట్లో కూర్చున్న పిల్లల మీద జాలి కలుగుతుంది.

టైర్ల మాట క్లుప్తంగా. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే టైరు అయిపోయినట్టే. కానీ తక్కువ తిరిగే ఇంటి బండ్లలో టైరు అరగకముందే ముసలిదవుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి నిండుగా ఉన్నా, పక్కన సన్నటి బీటలు కనిపిస్తే ఆశ వదులుకోండి. స్టెప్నీని కూడా చూడండి, దాన్ని ఎవరూ చూడరు.

కొన్ని ఇంజన్లలో టైమింగు బెల్టు రబ్బరుది, కొన్నింటిలో గొలుసు. మీదేదో కనుక్కోండి. రబ్బరుదైతే, పుస్తకంలో చెప్పిన గడువు దాటనివ్వకండి. అది తెగేముందు చప్పుడు చేసి చెప్పదు, చాలా ఇంజన్లలో తెగినప్పుడు వాల్వులను వంచి పోతుంది. మరొకటి, ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. దానికి తగిన రబ్బరు, ప్లాస్టిక్కు సామాను 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో వస్తోంది. అంతకు ముందటి బండి అయితే పెట్రోలు గొట్టాలను ఏడాదికోసారి చూపించుకోండి. నెలల తరబడి కదలకుండా ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి.

ఇవన్నీ ఎప్పుడు గుర్తుంటాయి అంటారా? మన వైపు ఆయుధ పూజ ఉండనే ఉంది. ఏ షెడ్డూ తప్పక కడిగే రోజు, ప్రతి బండీ పసుపు కుంకుమ పెట్టించుకుని చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించుకునే రోజు. పూజకు వారం ముందే బండిని మేస్త్రీ దగ్గర విప్పించి చూపించండి. ముందురోజు వెళితే ఆయనకు మీ మాట వినే తీరిక ఉండదు.

మేస్త్రీ అంటే గుర్తొచ్చింది. పంపులు, మోటార్లు, మిల్లులతో పెరిగిన కోయంబత్తూరులో పనివాళ్లకు కరువు లేదు. ఇక్కడి ఎస్. కరివర్ధన్ 1988లో ఫార్ములా మారుతి పేరుతో రేసు కార్లు తయారుచేశారు. మనం చిన్నబండి అని తీసిపారేసే మారుతి 800 ఇంజన్‌ వాటికి ప్రాణం పోసింది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినా సామాను దొరుకుతూనే ఉంది. కాబట్టి పాత కారు ఎంచుకునేటప్పుడు హోదా చూడకండి. సామాను మీ ఊళ్లో దొరుకుతుందా, చెయ్యి తిరిగినవాడు మీ వీధిలో ఉన్నాడా చూడండి. తీసేసిన పాత సామాను చూపించమని మేస్త్రీని అడగండి. నొచ్చుకోని మేస్త్రీ మంచి మేస్త్రీ.

కాగితాల సంగతి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆ తరువాత ఆర్టీవో దగ్గర పరీక్షకు పెట్టి, అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఈ పొడిగింపు రుసుము కారుకు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఢిల్లీ ప్రాంతంలో పాత బండ్ల మీద ఉన్న కోర్టు ఉత్తర్వులు ఆ ప్రాంతానికే. ఆ వార్త విని ఇక్కడ కంగారుపడి అమ్ముకోనక్కర్లేదు.

బండి అమ్మితే ఎనభై వేలు రాదు, దానికి నలభై వేలు మరమ్మతా అని ఇంట్లో వాదన వస్తుంది. ఆ పోలిక సరైనది కాదు. నలభై వేలను కొత్త కారు ఏడాది వాయిదాలతో పోల్చి చూడండి. అయితే అడుగు రేకు, స్తంభాలు, సస్పెన్షను బిగించే చోట్లు తుప్పు తిన్నాయని మేస్త్రీ చెబితే మాత్రం ఇంకేమీ ఖర్చు పెట్టకండి. ప్రమాదంలో మనుషులను కాచేది ఆ ఇనుమే.

అమ్మినా, కొన్నా, 29, 30 నంబరు ఫారాల మీద సంతకం చేసి ఊరుకోవద్దు. ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని పాతాయనే. మీరు అమ్మిన బండి ఎవరి చేతిలోనో మనిషిని గుద్దితే, నష్టపరిహారం రిజిస్టరులో పేరున్నవారి మీద పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లోగా కొన్నవారి పేరుకు మార్చమని అర్జీ పెట్టాలి. పేరు మారిన ఆర్‌సీ నకలు ఒకటి చేతికి వచ్చేదాకా కొన్నాయన ఇంటికి తిరగడానికి మొహమాటపడకండి, బంధువైనా సరే.