కణంలో పట్టాలే జరుగుతాయి

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువారికి పట్టాలు కదలవని వేరే చెప్పాలా? కణ విభజనలో మాత్రం అవే జరుగుతాయి. మన కణంలో 46 క్రోమోజోములూ ఒక్కొక్కటి రెండుగా విడిపోయాక, కండె మధ్యలో ఎదురెదురుగా ఉన్న పోగులను కైనెసిన్-5 ప్రోటీన్ పట్టుకుని చెరో వైపుకీ నెడుతుంది. పోగులు జారి కండె సాగుతుంది.

మరి బ్రేకు? పీఆర్‌సీ1 ప్రోటీన్ ఆ పోగులను జతగా కడుతుంది. దాని వెంట వచ్చే కిఫ్4ఏ వాటి కొసలు పెరగకుండా అడ్డుపడుతుంది. కొస పెరిగితేనే కదా ఇంకా జారేందుకు చోటు! సీడీకే1 ఎంజైమ్ జోరు తగ్గేదాకా పీఆర్‌సీ1 పూర్తిగా పనిలోకి దిగదు.

పంపకం తప్పితే క్రోమోజోముల లెక్క చెడుతుంది. కేన్సర్ కణాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ అసలు కండెనే కట్టుకోనివ్వదు. పిల్లల లుకేమియాకు వాడే మందు అది. నరాల్లోనూ ఇవే పోగులుంటాయి గనుక కాళ్లూచేతులూ తిమ్మిరెక్కుతాయి. కైనెసిన్-5ను మాత్రమే ఆపే మందులనూ ప్రయత్నించారు; రోగుల్లో పెద్దగా ఫలించలేదు.