వెనక తీగలు లేని వంతెన

తీగల వంతెనల్లో ఎక్కువ భాగం ఒకే సూత్రం మీద నిలబడతాయి. స్తంభానికి ఒకవైపు తీగలు రోడ్డును మోస్తాయి, రెండోవైపు తీగలు ఆ స్తంభం ముందుకు ఒరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. 2020 సెప్టెంబరులో హైదరాబాద్ దుర్గం చెరువు మీద ప్రారంభమైన వంతెనలోనూ స్తంభాలకు రెండు వైపులా తీగలు కనిపిస్తాయి.

స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో, 13వ అల్ఫోన్సో కాలువ మీద ఉన్న అలామియో వంతెనకు ఆ రెండోవైపు తీగలే లేవు!

అక్కడ ఉన్నది ఒకే ఒక్క స్తంభం. ఎత్తు సుమారు 140 మీటర్లు. నిటారుగా కాకుండా, నేలతో 58 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి ఉంటుంది. దాని నుంచి దిగిన 13 జతల తీగలు 200 మీటర్ల వంతెనను పట్టుకున్నాయి. స్తంభం బయట ఉక్కు, లోపల కాంక్రీటు. అంత బరువు ఊరికే పెట్టలేదు. బావిలోంచి నిండు చేద లాగే మనిషి వెనక్కి వాలి తన ఒంటి బరువును వాడుకున్నట్టే, ఈ స్తంభం తన బరువుతోనే వంతెనను నిలబెడుతోంది.

ఈ ఊహ మొదట శిల్పంగా పుట్టింది. వంతెన రూపకర్త శాంటియాగో కలత్రవా వాస్తుశిల్పి, ఇంజనీరే కాక శిల్పి కూడా. 1986లో ఆయన పాలరాతి ఘనాలను ఏటవాలుగా పేర్చి, బిగించిన తీగతో నిలబెట్టి 'పరుగెత్తే మొండెం' అనే శిల్పం చేశారు. కొలంబస్ అమెరికాకు చేసిన తొలి సముద్రయానానికి 500 ఏళ్లయిన సందర్భంగా సెవిల్‌లో 1992లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ప్రదర్శన స్థలమైన లా కార్తూహాకు దారి కోసం కట్టిన ఈ వంతెనలో ఆ శిల్పమే భారీ రూపం తీసుకుంది. నిజానికి కలత్రవా గీసింది జంట వంతెనలు. ఒకదాని వైపు ఒకటి వాలే రెండు స్తంభాల్లో ఒక్కటే లేచింది.

ఇంజనీర్లలో దీన్ని మెచ్చనివారూ ఉన్నారు. వారి వాదనలో బలముంది. స్తంభం బరువు మారదు, వంతెన మీది వాహనాల బరువు మాత్రం గంటగంటకూ మారుతుంది. ఆ తేడా స్తంభం మొదట్లో వంపు ఒత్తిడిగా పడుతుంది కాబట్టి అక్కడ పునాది చాలా గట్టిగా ఉండాలి. వెనక తీగలు కడితే ఇంత ఉక్కు, ఇంత కాంక్రీటు అక్కర్లేదు. ఇదే పద్ధతిలో కలత్రవా 2004లో అమెరికాలోని రెడ్డింగ్‌లో కట్టిన వంతెన నడిచేవారికి, సైకిళ్లకే పరిమితం, అందుకే భారమూ తక్కువ.

అయినా అలామియోలో పాదచారికి దక్కిన గౌరవం ముచ్చటైనది. వంతెన నడుమ వెన్నెముకలా సాగే ఉక్కు దూలం మీదే కాలిబాట వేశారు. అటూ ఇటూ వాహనాలు కింద పోతుంటే, మనుషులు వాటికంటే ఎత్తులో, రెండు వరుసల తీగల మధ్య నడుస్తారు. మన నగరాల్లో కొత్త వంతెనలు కట్టేవారు సెవిల్ నుంచి ముందుగా నేర్చుకోవలసింది ఆ వాలు స్తంభాన్ని కాదు, ఈ కాలిబాటను.