జట్టు విడిచిన ఆటగాడు – ఇంటిలోని తగవు

ఆటగాడు మనకు చుట్టము కాడు, ఇరుగుపొరుగువాడును కాడు. మన పొయ్యిలో పిల్లి లేచినదో లేదో యతడెఱుగడు. మన యూరిపేరైనను వినియుండడు. అయినను అతడు గెలిచిననాడు మన యింట పండుగ, ఓడిననాడు మన పిల్లలకు అన్నము సయింపదు. అట్టివాడొకనాడు మన జట్టు విడిచి వేఱొక జట్టులో చేరెనా, ఇంటిలోనే రెండు పక్షములు పుట్టి తగవు మొదలగును. ఇది పనిలేనివారి వాదమని త్రోసివేయుట సులభము. కాని సోదరీమణులారా, ఆ తగవు మన వాకిలి దాటి లోనికి వచ్చినది. దానిలో మన కుమారులు, మఱదులు, ఒక్కొక్కప్పుడు మన కూతుండ్రును పాలుగొనుచున్నారు. కావున దాని మంచిచెడ్డలు విచారించుట మన పనియే యని తలంచి మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కోయిలకుంట్ల కుందూనది చెంత, నల్లరేగడి చేల నడుమనున్న యూరు. మొన్నమొన్నటివఱకు కర్నూలు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి నంద్యాల జిల్లాలోనిది. శనగపంట నూర్చి యింటికి చేర్చుకొన్న పిదప చేలపనులు తగ్గును, ఎండలు ముదురును. సరిగా ఆ వేసవి దినములలోనే ఐ.పి.ఎల్. అను క్రికెట్టు పోటీలు రెండు నెలలపాటు నడచును. పగలెల్ల వేడిమికి వేగినవారు రాత్రి భోజనము ముగించి టెలివిజను ముందో, మిద్దెమీద సెల్‌ఫోను చుట్టునో చేరుదురు. 2014లో రాష్ట్రము విడిపోయి హైదరాబాదు తెలంగాణలో చేరినది. సన్‌రైజర్స్ హైదరాబాదు అను ఆ జట్టు యజమానులు చెన్నపట్టణమువారు, ఆటగాండ్రు దేశదేశములవారు. అయినను మా యూరివారు “మన జట్టు” అనియే యందురు. మమకారమునకు సరిహద్దురాళ్లు లేవు గదా!

ఆ జట్టులో డేవిడ్ వార్నరువలె తెలుగు ఇండ్లకు దగ్గఱైన విదేశీయుడు మఱొకడు కానరాడు. అతడు ఆస్ట్రేలియా దేశమువాడు. 2014లో ఈ జట్టులో చేరి, 2015లో దానికి నాయకుడాయెను. 2016 మే 29వ తేదీని బెంగుళూరులో జరిగిన తుదిపోటీలో 38 బంతులకు 69 పరుగులు చేసెను; జట్టు 8 పరుగుల తేడాతో గెలిచి కప్పు తెచ్చుకొనెను. ఆ యేటి పోటీలలో అతడొక్కడు చేసిన పరుగులు 848. అందఱికంటె నెక్కువ పరుగులు చేసినవానికిచ్చు నారింజరంగు టోపీ 2015, 2017, 2019 సంవత్సరములలో అతనికే దక్కెను. 2020లో కరోనా వ్యాధిచే లోకమంతయు తలుపులు బిగించుకొని కూర్చున్నపుడు, “అల వైకుంఠపురములో” చిత్రమందలి బుట్టబొమ్మ పాటకు భార్య క్యాండిస్‌తో కూడి అతడు చేసిన నృత్యము సెల్‌ఫోనులలో ఇల్లిల్లు తిరిగెను. క్రికెట్టనిన నేమో యెఱుగని ముసలమ్మలు సైతము దానిని చూచి నవ్వుకొనిరి. ఆనాటితో అతడు పరాయివాడు గాక మనవాడాయెను.

మనవాడు మనకు కాకుండ పోయిన విధము వినుడు. 2021లో అతని నాయకత్వమున ఆడిన 6 ఆటలలో జట్టు ఒక్కటియే గెలిచెను. మే 1వ తేదీని జట్టువారు అతనిని తొలగించి, న్యూజిలాండువాడైన కేన్ విలియమ్సన్‌ను నాయకునిగా నిలిపిరి. మఱునాటి ఆటలో వార్నరునకు చోటే లేకపోయెను. కరోనాచే ఆగిన పోటీలు సెప్టెంబరులో ఎమిరేట్సు దేశమున మఱల సాగినపుడు రెండాటలలో 0, 2 పరుగులు చేసి తిరిగి బయట కూర్చుండెను. తన్నేల తీసివేసిరో తనకెవరును సరిగా చెప్పలేదని అతడు పిదప చెప్పుకొనెను. అయినను తనకు చోటులేని ఆటలో ప్రేక్షకుల నడుమ నిలిచి ఆ జట్టు జెండానే యూపెను. ఆ యేడు జట్టు పట్టికలో చిట్టచివర నిలిచినది. నవంబరులో ప్రపంచకప్పు పోటీలలో వార్నరు 289 పరుగులు చేసి, ఆ పోటీలన్నింటిలో శ్రేష్ఠుడైన ఆటగాడనిపించుకొనెను. 2022 వేలములో ఢిల్లీవారు అతనిని 6 కోట్ల 25 లక్షల రూపాయలకు కొనిరి. ఆ మే 5వ తేదీని బొంబాయిలో, అదే హైదరాబాదు జట్టుపైన, 58 బంతులకు 92 పరుగులు చేసి అజేయుడై నిలిచెను. మన జట్టు 21 పరుగుల తేడాతో ఓడెను.

ఆ రాత్రి మన ఇండ్లలో ఎన్నెన్ని వాదములు జరిగెనో! ఓడినందుకు ఏడ్వవలయునా, మనవాడు గెలిచినందుకు సంతోషింపవలయునా? అన్నదమ్ములున్న యింట మాటల తీరు ఇట్లుండును. “ఆయప్ప లేకుంటే మనకు కప్పు వచ్చేదా?” అని పెద్దవాడు. “కప్పు వచ్చినమాట నిజమే. ఆరాటల్లో ఒకటే గెలిస్తిమి, జట్టు మునిగిపోతాంటే పేరు చూసుకోని కూచుంటారా?” అని చిన్నవాడు. మూలనున్న అవ్వ, “ఎవురికోసరం రా నాయనా కొట్లాడతాండారు? ఆయప్ప వాళ్లింట్లో కమ్మగా నిద్రపోతాంటాడు” అని తీర్పు చెప్పును. అవ్వ మాటకు నవ్వి లేచిపోయిరా, బాధలేదు. కాని నవ్వక, వారముదినములు ఒకరితో నొకరు పలుకని అన్నదమ్ములును కలరు.

నిష్పక్షపాతముగా చూచినచో రెండు వాదములందును సత్యము కలదు. 2021 ఏప్రిల్‌లో చెన్నై జట్టుతో ఆడిన ఆటలో వార్నరు 55 బంతులకు 57 పరుగులు మాత్రమే చేసి, తన నిదానమే ఓటమికి కారణమని తానే యొప్పుకొనెను. నాయకుని మార్చు అధికారము జట్టువారికి లేకపోలేదు. 2018 మార్చిలో కేప్‌టౌనులో బంతిని గరుకుకాగితముతో రుద్దించిన కుట్రలో పాలుగొన్నందుకు అతనికి ఏడాది నిషేధము పడెను. ఆ యేడు అతడు లేకయే జట్టు తుదిపోటీవఱకు పోయినది. ఇది ఒక పక్షమువారి బలము. నిషేధము తీఱి 2019లో మరలివచ్చినవాడు 12 ఆటలలోనే 692 పరుగులు చేసి, తనకై వేచియున్న జట్టు ఋణము తీర్చుకొనెను. ఇది రెండవ పక్షమువారి బలము. ఇట్టి వాదము వలన బుద్ధికి పదునే గాని హాని లేదు.

అయితే “మనలను విడిచిపోయి మనమీదనే ఆడినవాడు ద్రోహి” యను మాట మాత్రము మాకు రుచింపదు. ఈ విషయమున స్త్రీలకు తెలిసినంత పురుషులకు తెలియదని చెప్పుటకు మేము సంకోచింపము. పుట్టినిల్లు విడిచి మెట్టినింటికి పోవుట యెట్టిదో మనమెఱుగుదుము. పోయిన యింటి దీపము వెలిగించినంత మాత్రమున పుట్టినింటిపై ప్రేమ ఆఱిపోవునా? అత్తవారింట కూతురు చక్కగా కాపురము చేయుచున్నదని విన్న తల్లి సంతోషించునా, “మా యింటి పనితనము వారి పాలుచేసినది” అని తిట్టిపోయునా? జీతము తీసికొని ఢిల్లీ జట్టులో ఆడువాడు ఆ జట్టునకు పూర్తిగా ఆడుటయే ధర్మము. మనపైన కావలెనని తక్కువగా ఆడియుండినచో అదియే ద్రోహమై యుండును.

ఇక జట్టువారి పక్షమున లోపమేదియనగా, అది పంపుటలో గాక పంపిన తీరులో నున్నదని మా యభిప్రాయము. మనము ఆడపిల్లను పంపునపుడు ఒడిబియ్యము పోసి, పసుపుకుంకుమ లిచ్చి, వాకిలివఱకు వచ్చి సాగనంపుదుము. ఆ మర్యాద లేక పంపిన పిల్లను గూర్చి ఊరంతయు చెప్పుకొనును. హాకీ క్రీడలో రాణీ రాంపాల్ సంగతి చూడుడు. హర్యానాలో బండి లాగి బ్రతికిన తండ్రి కూతురు. టోక్యో ఒలింపిక్సులో మన స్త్రీల జట్టునకు నాయకురాలై దానిని నాలుగవ స్థానమునకు చేర్చినది. పిదప గాయముల పాలై జట్టులో చోటు పోగొట్టుకొన్నది. ఆమెను తీయుట న్యాయమా కాదా యని చాలమంది తగవులాడిరి. కాని 2024 అక్టోబరులో ఆమె ఆట విరమించినపుడు, ఆమె తొడిగిన 28వ సంఖ్య చొక్కాను ఇక నెవ్వరికిని ఇయ్యమని హాకీ సంఘమువారు ప్రకటించి గౌరవించిరి. ఆ మర్యాదతో చాలమంది మనసులు చల్లబడినవి.

ఆటగాడు తావు మార్చుట నేటి వింతయు కాదు. మన దేశపు తొలి టెస్టు నాయకుడైన సి.కె. నాయుడు నాగపురములో స్థిరపడిన తెలుగు కుటుంబమువాడు. 1923లో హోల్కరు మహారాజు పిలిపింపగా ఇందూరునకు పోయి, ఆ సంస్థానపు జట్టునకే పేరు తెచ్చెను. అంతమాత్రమున తెలుగువారు ఆయనను తమవాడు కాడనిరా? 1953–54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలలో దిగినపుడు, ఏబదియెనిమిదేండ్ల వయస్సున ఆయన మన జట్టు పక్షమున ఆడెను. పోయినవాడు మరల వచ్చు త్రోవను మూసివేయకుండుట పెద్దల లక్షణము.

ఇంతవఱకు చెప్పినది వాదమునకు సంబంధించినది. ఇక భయపడవలసిన సంగతి యొకటి కలదు. ఆటగానిపైని కోపము ఆటగానితో నిలువదు. అది పోయి పోయి ఒక స్త్రీ ఒడిలో పడును. 2018 మార్చిలో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్తున కొందఱు ప్రేక్షకులు వార్నరును గుచ్చుటకై అతని భార్యను ఎగతాళిచేయు ముసుగులు ముఖములకు తగిలించుకొని వచ్చిరి. ఆమె బంతిని తాకలేదు, బ్యాటు పట్టలేదు. ఆ నెలలోనే నిషేధపు గొడవయు వచ్చిపడెను. ఆ దినముల పిదప తనకు గర్భస్రావమైనదని ఆమెయే ఒక స్త్రీల పత్రికకు చెప్పుకొనెను.

ఇది పరదేశపు కథయని నిట్టూర్చి ఊరకుండరాదు. 2021 అక్టోబరు 24వ తేదీని మన దేశము పాకిస్థానుతో ఆడి ఓడినది. తోటి ఆటగాడైన మహమ్మద్ షమీని మతముపేర నిందించినవారిని నాటి నాయకుడు విరాట్ కోహ్లి ఖండించెను. అందుకు ప్రతిగా, ఏడాదియైనను నిండని అతని పసికూతురుపై నోట పలుకరాని బెదిరింపు వెలువడినది. అట్టి మాటలు వ్రాయువారు ఆకాశమునుండి ఊడిపడరు. వారికిని తల్లులుందురు, అక్కచెల్లెండ్రుందురు. ఇంటిలో ఎవరో వడ్డించిన అన్నము తిని, పక్కగదిలోనికి పోయి, సెల్‌ఫోను తెఱచి వ్రాయుదురు. వడ్డించిన చేతికి ఆ సంగతి తెలియదు.

కావున మా సోదరీమణులకు మేము చెప్పునది యిది. ఆట చూడవద్దనియు, వాదింపవద్దనియు పిల్లలను కట్టివేయవలదు. కట్టిన కొలదిని చాటున చేయుదురు. మనమును వారితో కూర్చుండి చూతము. ఎవరెన్ని పరుగులు చేసిరో, ఎందుకు ఓడిరో మనమును తెలిసికొందము. ఆట తెలిసిన తల్లి మాటకు బాలురు చెవియొగ్గినట్లు తెలియని తల్లి మాటకు ఒగ్గరు. వాదించునపుడు “వాడు చేసిన పని తప్పు” అనుటకు హద్దులేదు. “వాని తల్లి, వాని యాలు, వాని బిడ్డ” యను మాట వచ్చినంతనే అక్కడికక్కడ ఆపవలెను. మఱియు పిల్లవాడు సెల్‌ఫోనులో వ్రాసిన మాటను పంపకముందు అవ్వ యెదుట బిగ్గఱగా చదువుమనవలెను. చదువగలిగెనా, పంపవచ్చును, నోరు రాకపోయెనా, ఆ మాట పంపదగినది కాదు. ఇంతకంటె సులభమైన పరీక్ష మాకు కానరాలేదు.

అన్నదమ్ములు పలుకకుండ పండుకొన్నచో, మఱునాటి యుదయమున ఇద్దఱికిని ఒకే పళ్లెములో ఉగ్గాని పెట్టి, బజ్జీలు నడుమనుంచుడు. వార్నరు పంచలేని రాజీని పచ్చిమిరపకాయ బజ్జీ పంచగలదు.

తుదకు ఆ వార్నరు సంగతి యేమైనదందురా? 2024 నవంబరులో జరిగిన వేలములో అతనిని ఏ జట్టువారును కొనలేదు. 2025 మార్చిలో విడుదలయైన “రాబిన్‌హుడ్” అను తెలుగు చిత్రములో చిన్న వేషముతో కనబడెను. జట్టులో చోటు పోయినను తెలుగువారిలో చోటు పోలేదన్నమాట. అతడుండగా అతని పక్షమున వాదించినవారును, అతని పోకను సమర్థించినవారును ఒకే యింటివారై ఆ చిత్రమును చూచియుందురు. ఆ యిద్దఱి నడుమ పలుకరాని మాట ఒక్కటియు జాఱకుండ కాచుకొనుట మాత్రము మన చేతిలోని పని.