అద్దపు పలకపై అక్షరము



2022వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశమునందు ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి బాలబాలికలకు ట్యాబులను పంచుట ప్రారంభమయ్యెను. మరుసటి యేడును అట్లే పంచిరి. ఆనాటినుండి రచ్చబండయొద్ద ఒక ప్రశ్న వినబడుచునే యున్నది: పిల్లవాడు దానిలో చదువుచున్నాడా, ఆడుకొనుచున్నాడా? ఆ పలకలో అక్షర మెట్లు నిలుచునో తెలిసికొన్నగాని దీనికి జవాబు చెప్ప వీలుకాదు.

తాటాకుపై గంటముతో వ్రాసిన అక్షరము గీత. అచ్చుపుస్తకములోనిది ముద్ర. ట్యాబులోని అక్షరమో, యొక సంఖ్య. ప్రపంచ లిపులకు సంఖ్యల నేర్పరచిన యూనికోడను పద్ధతిలో 1991లోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. 'క్ష' యను సంయుక్తాక్షరమును మన మొక్క రూపముగా వ్రాయుదుము. యంత్రము మాత్రము కకారమును, పొల్లుగుర్తును, షకారమును వరుసగా మూడు సంఖ్యలుగా దాచుకొని, చూపునప్పుడు కలిపి చూపును. మన వైయాకరణుల వర్ణవిభాగమునకు ఇది దూరపు చుట్టమని నాకు తోచును.

అక్షరము సంఖ్య యగుటవలన దానిని పెద్దది చేయవచ్చును, వెదకవచ్చును, యంత్రముచే చదివించి వినవచ్చును. చూపు మందగించిన మనకును ఇది మేలే. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము పూర్వము ఊరికొకటి యున్నను గొప్పయే. నేడు ఆంధ్రభారతి యను చోట ఒక మాటను వ్రాసినచో శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌను నిఘంటువు ఒక్కసారిగా అర్థములు చెప్పును. కూలివాని కుమార్తెకును, కరణముగారి మనుమనికిని అవే నిఘంటువులు! బడిపంతులుగా నేనింతకంటె కోరినది లేదు.

అయితే పుస్తకములన్నియు నిట్లుండవు. పాతగ్రంథములు పెక్కు పుటపుటకు ఛాయాచిత్రము తీసి యుంచినవే. అవి మన కంటికి అక్షరములు, యంత్రమునకు బొమ్మలు. వానిలో మాట వెదకిన దొరకదు. పెద్దది చేసిన పంక్తి అంచు దాటిపోవును. బొమ్మనుండి అక్షరములను గుర్తించు సాధనములు గలవుగాని, ఒత్తులయొద్ద తడబడుచుండును. కావున "ఇందులో ఆ మాట లేదు" అని బాలుడన్నచో, పుస్తకమే జాతిదో ముందడుగుడు.

ఇక గ్రహణము మాట. 2018లో ప్రకటింపబడిన యొక పరిశీలన, అంతకు పూర్వపు 54 పరిశోధనలను, అందు పాల్గొన్న 1,71,055 మందిని లెక్కలోనికి తీసికొని, విషయప్రధానమైన పాఠములు తెరపైకంటె కాగితముపై చదివినప్పుడే బాగుగా బోధపడుచున్నవని తేల్చెను. గడువు పెట్టి చదివించినప్పుడు తేడా మరింత హెచ్చెను. కథలయందు మాత్రము తేడా కానరాలేదు. తెరపై వ్రేలు జారును, వ్రేలితో కన్నును జారును. కారణమిదియే యని నా యూహ. కావున చరిత్రయు, శాస్త్రమును పుస్తకముననే చదివింపుడు. గుండె కొట్టుకొను విధమును కదలెడు బొమ్మగా చూచుటకు, మాటల యర్థము వెదకుటకు ట్యాబు నిండు. చదువు ముగిసినపిమ్మట తెర నార్పించి, చదివినదేమో నోట చెప్పించుకొనుడు. ఆటయా, చదువా యన్నది అప్పుడు దాగదు.

యంత్రము వచనమును ఒప్పుగనే చదువును. పద్యము వచ్చెనా, దానికి యతి తెలియదు, విరుపు తెలియదు. ఆ పని మీ కంఠమునకే మిగిలినది.

ప్రభుత్వ మిచ్చిన ట్యాబులలో పాఠములను ముందుగనే నింపిరి గనుక, సిగ్నలు లేనిచోటను అవి పనిచేసినవి. అంగడిలో కొన్నవానికి ఆ సదుపాయ ముండదు. సిగ్నలున్నచోటికి తీసికొనిపోయి పాఠములను దింపించుకొని, కరెంటు పోవు వేళకు ముందే ఛార్జి పెట్టించవలయును.