ఎలుక ముఖాలతో ఒక కాపురం కథ

జర్మన్ భాషలో ‘మౌస్’ అంటే ఎలుక. అమెరికన్ చిత్రకారుడు ఆర్ట్ స్పీగల్‌మన్ తానే రాసి, తానే బొమ్మలు గీసిన నవలకు ఆ పేరు పెట్టాడు. అది రెండు భాగాలుగా 1986లోనూ 1991లోనూ వచ్చింది. హిట్లర్ సేనలు పోలండ్‌ను ఆక్రమించిన కాలంలో ఒక యూదు జంట ఎలా ప్రాణాలు దక్కించుకుందన్నది కథ. ఆ జంట వ్లాదెక్, ఆన్యా. వాళ్ళు రచయిత తల్లిదండ్రులే. తండ్రి చెబుతుంటే కొడుకు విని రాసుకున్న కథ ఇది. తల్లి చెప్పే వీలు లేదు, ఆమె 1968లోనే ఆత్మహత్య చేసుకుంది. ఇద్దరి ప్రేమకథలో ఒకరి గొంతే మిగిలింది. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా ఆ వెలితి తెలుస్తూనే ఉంటుంది.

ఆర్ట్ 1948లో స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. 1951లో ఆ కుటుంబం అమెరికా చేరి, తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడింది. 1972లో అతను మూడు పేజీల చిన్న బొమ్మల కథగా ‘మౌస్’ను మొదట గీశాడు. అది చాలదనిపించి, 1978 నుంచి టేపురికార్డరు పట్టుకుని తండ్రి దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టాడు. భార్య ఫ్రాన్స్వాజ్ మూలీతో కలిసి నడిపిన ‘రా’ పత్రికలో 1980 నుంచి ఒక్కో అధ్యాయమే అచ్చయింది. అంతా పూర్తయ్యేసరికి పదమూడేళ్ళు పట్టింది. తండ్రి మొదటి భాగాన్ని కూడా పుస్తకంగా చూడలేదు, 1982లో పోయాడు.

మొదటి అధ్యాయంలోనే ఆగి చూడవలసిన పేజీ ఒకటుంది. కొడుకు చిన్నప్పుడు పెరిగిన గదిలో వ్లాదెక్ వ్యాయామ సైకిలు తొక్కుతూ ఉంటాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉంటాయి. హ్యాండిల్ పట్టుకున్న ముంజేతి మీద, నాజీ నిర్బంధ శిబిరంలో పొడిచిన పచ్చబొట్టు అంకెలు కనబడతాయి. కొడుకు కూర్చుని వింటున్న బొమ్మ ఆ రెండు చేతుల మధ్య, చట్రంలో బిగించినట్టు ఉంటుంది. సైకిలు ఉన్నచోటనే ఉంటుంది గానీ చెప్పే మనిషి మాత్రం నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత కథ ఎప్పుడూ రెండు కాలాల్లో నడుస్తుంది. ఒకటి యుద్ధకాలపు పోలండ్, రెండోది మందుబిళ్ళలు లెక్కపెట్టుకుంటూ రెండో భార్య మాలాతో రోజూ గొడవపడే ముసలివాడి ఇల్లు.

వ్లాదెక్ చెన్‌స్తొహోవాలో బట్టల వ్యాపారం చేసే కుర్రాడు. సొస్నోవియెత్స్ పట్నంలో ఆన్యా వాళ్ళది మేజోళ్ళ ఫ్యాక్టరీ ఉన్న సంపన్న కుటుంబం. పెళ్ళిచూపుల్లాంటి తొలిరోజుల్లో వ్లాదెక్ ఒకసారి ఆమె బట్టల అలమర తెరిచి, పిల్ల పొందికైనదా కాదా అని చూస్తాడు. అన్నీ పద్ధతిగా ఉంటాయి కానీ కొన్ని మందుబిళ్ళలు కూడా కనబడతాయి. జబ్బేమిటో ఆరా తీసి, మనసు నిమ్మళించాకే ముందుకు కదులుతాడు. ఇలాంటి లెక్కలమనిషి ప్రేమించాడా అని పాఠకుడికి అనుమానం వస్తుంది. 1937లో పెళ్ళయింది, అదే ఏడాది కొడుకు రిష్యూ పుట్టాడు. కాన్పు తర్వాత ఆన్యా తీవ్రమైన దిగులులో కూరుకుపోయింది. వ్లాదెక్ ఆమెను చెకోస్లొవాకియాలోని ఒక ఆరోగ్యాశ్రమానికి తీసుకువెళ్ళి నెలల తరబడి పక్కనే ఉన్నాడు. కథలు చెప్పాడు, ఆమెతో కలిసి నాట్యం చేశాడు. పైన వచ్చిన అనుమానానికి సమాధానం అక్కడే దొరుకుతుంది. ఆ ఆశ్రమానికి వెళ్ళే రైలులోంచే వాళ్ళు మొదటిసారి స్వస్తిక జెండా చూశారు.

1939 సెప్టెంబర్‌లో జర్మనీ దాడి చేసింది. వ్లాదెక్ పోలండ్ సైన్యంలో చేరి, యుద్ధఖైదీగా చిక్కి, విడుదలై, దొంగచాటుగా ఇల్లు చేరాడు. ఆపైన ఒక్కో మెట్టూ కిందికే. ఫ్యాక్టరీ పోయింది, తిండికి రేషన్ కూపన్లు వచ్చాయి, బ్లాక్ మార్కెట్టు వ్యాపారం మిగిలింది. తెలిసినవాళ్ళను నడివీధిలో ఉరితీశారు. 1942లో ఊరి యూదులందరినీ స్టేడియంలో నిలబెట్టి, బతకవలసినవాళ్ళనూ పోవలసినవాళ్ళనూ వేరుచేశారు. పిల్లాడైనా భద్రంగా ఉంటాడని రిష్యూను ఆన్యా అక్క తోషాతో వేరే ఊరు పంపారు. అక్కడ కూడా ఏరివేత మొదలయ్యాక తోషా, గ్యాస్ గదికి పంపించేకన్నా ఇదే మేలనుకుని, పిల్లలకు విషం ఇచ్చి తానూ తాగింది. స్పీగల్‌మన్ ఈ ఘట్టాన్ని కొద్దిపాటి గళ్ళలో ముగిస్తాడు. ఆ క్లుప్తతే గుండె పిండేస్తుంది.

భార్యాభర్తలు దాక్కున్న చోట్లు ఒకటీ రెండూ కాదు. వంటింట్లో బొగ్గుల తొట్టి కింద తవ్విన గొయ్యి, అటక మీది మూల, చెప్పుల కార్ఖానాలో జోళ్ళ గుట్ట వెనకాల అర, పల్లెలో పశువుల కొట్టం. తనవాళ్ళంతా పోయారని తెలిసి ఆన్యా ఇక బతకనంటే, ఒకరికోసం ఒకరం బతకాలని వ్లాదెక్ బతిమాలి నిలబెడతాడు. చివరకు హంగరీకి చేరుస్తామన్న దళారుల మాట నమ్మి దొరికిపోయారు. 1944లో ఇద్దరూ ఆష్‌విట్జ్ చేరారు. అతను ప్రధాన శిబిరంలో, ఆమె దగ్గరలోని బిర్కెనావ్‌లో.

ఇక్కడి నుంచి ప్రేమ అంటే రొట్టె, సిగరెట్లు, బూట్లు. పుస్తకంలో అన్నిటికన్నా నిజమైన భాగం ఇదే. మాన్సీ అనే హంగరీ ఖైదీ చేత వ్లాదెక్ ఆన్యాకు చీటీలు పంపిస్తాడు. తగరపు పనివాడినని చెప్పుకుని బిర్కెనావ్ కప్పులు బాగుచేసే పనికి వెళ్ళి, దూరం నుంచి ఆమెను చూసి వస్తాడు. ఆన్యాను కొట్టే కాపలామనిషి బూట్లు చిరిగితే, అవి బాగుచేసి పంపిస్తాడు. ఆ తర్వాత ఆమె ఆన్యా జోలికి రాదు. ఆన్యాను తన దగ్గరి బారకాసుకు మార్పించడానికి, తన రొట్టె తాను తినకుండా సిగరెట్లుగా మార్చి, సిగరెట్లు కూడబెట్టి వోడ్కా సీసాగా మార్చి, లంచం ఇస్తాడు. ఆమె దగ్గరకు వచ్చాక ఒకరోజు తిండి పొట్లం విసిరితే కాపలామనిషి చూసింది. ఆన్యా పరుగెత్తి బారకాసులో దూరితే స్నేహితురాలు దుప్పట్ల కింద దాచింది. పట్టివ్వమని ఆడవాళ్ళందరినీ నిలబెట్టి శిక్షించినా ఒక్కరూ పేరు చెప్పలేదు. వ్లాదెక్ తెలివితేటల గురించి చాలామంది రాశారు. ఆ ఆడవాళ్ళ మౌనం గురించి కూడా అంతే రాయాలి.

వ్లాదెక్ చేతి మీది అంకె 175113. శిబిరంలో కుంగిపోయి ఉన్నప్పుడు ఒక పోలిష్ మతగురువు ఆ అంకెలు కూడి పద్దెనిమిది అని చూపిస్తాడు. హీబ్రూలో ‘జీవం’ అనే మాటకు విలువ పద్దెనిమిది. ఆ కూడికను పట్టుకుని వ్లాదెక్ ఎన్నో రాత్రులు గడిపాడు.

ఇంత కథలోనూ మనుషులకు మనిషి ముఖాలు ఉండవు. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండువాళ్ళు పందులు, అమెరికన్లు కుక్కలు. నాజీ ప్రచారం యూదులను ఎలుకలతో పోల్చింది, గ్యాస్ గదుల్లో వాడిన జైక్లాన్ బీ అసలు పురుగులమందు. స్పీగల్‌మన్ ఆ తిట్టునే తీసుకుని బొమ్మగా గీశాడు. గీసిన తీరు చూస్తే అతని ఉద్దేశం అర్థమవుతుంది. వ్లాదెక్ పోలండువాడిలా వేషం వేసుకుని వీధిలోకి వెళ్ళినప్పుడు ఎలుక ముఖానికి పంది మాస్కు తగిలించి ఉంటుంది, వెనక దారం కనబడుతుంది. పక్కన నడిచే ఆన్యాకూ మాస్కు ఉంది గానీ కోటు కింద నుంచి పొడవాటి తోక వేలాడుతుంది. ఆమె రూపం చూస్తే యూదురాలని ఇట్టే తెలిసిపోతుందన్న భయాన్ని ఒక్క తోకతో చెప్పాడు. ఇంకోచోట తలదాచుకునే చోటు లేక ఇద్దరూ నడుస్తుంటే, ముందున్న బాటలే స్వస్తిక ఆకారంలో చీలిపోతాయి. ఈ బొమ్మలన్నీ తెలుపు నలుపుల్లో, పుస్తకంలో కనిపించే కొలతలోనే, ఫౌంటెన్ పెన్నుతో గీసినవి. చేతిరాత డైరీ తెరిచినట్టు ఉండటానికి కారణం అదే.

వ్లాదెక్‌ను రచయిత దేవుణ్ణి చేయలేదు. ముసలివాడు రోడ్డు మీద వైరు ముక్క కనిపిస్తే ఏరి జేబులో వేసుకుంటాడు. సగం వాడిన తినుబండారాల డబ్బాలు దుకాణానికి తిరిగిచ్చి డబ్బు తెచ్చుకుంటాడు. కోడలు ఒక నల్లజాతీయుణ్ణి కారెక్కించుకుంటే మండిపడతాడు. జాతి పేరుతో అంత అనుభవించిన మనిషి నోట ఆ మాటలు రావడం చదవడానికి కష్టంగా ఉంటుంది. ఆ కష్టాన్ని తప్పించకపోవడం రచయిత నిజాయితీ.

తల్లి గొంతు ఏమైందన్న ప్రశ్నకు మొదటి భాగం చివర జవాబు దొరుకుతుంది. ఆన్యా యుద్ధం తర్వాత తన జ్ఞాపకాలను నోటుపుస్తకాల్లో రాసుకుంది. కొడుకు ఎప్పటికైనా చదువుతాడని ఆమె ఆశ. ఆర్ట్ వాటికోసం అడుగుతూనే ఉంటాడు, తండ్రి దాటవేస్తూ ఉంటాడు. చివరకు, భార్య పోయిన దుఃఖంలో వాటిని తగలబెట్టేశానని ఒప్పుకుంటాడు. ఆర్ట్ తండ్రిని హంతకుడని తిట్టి బయటికి నడుస్తాడు. రొట్టె ముక్క ముక్కగా ఆమె ప్రాణం నిలబెట్టిన చేయి, ఆమె మాటలను నిప్పుల్లో వేసింది. ప్రేమ, దుఃఖం, సొంతం చేసుకునే గుణం ఒకే మనిషిలో ఎలా కలిసి ఉంటాయో ఇంతకన్నా బాగా చూపిన బొమ్మల పుస్తకం అరుదు.

ఒక్కరి జ్ఞాపకం మీద ఆధారపడ్డానన్న సంగతి రచయిత ఎక్కడా దాచడు. ఆష్‌విట్జ్ ద్వారం దగ్గర ఖైదీల వాద్యబృందం ఉండేదని పత్రాలు చెబుతున్నాయి. తండ్రిని అడిగితే, తనకు గుర్తున్నది కవాతూ అరుపులూ మాత్రమే, సంగీతం లేదు పొమ్మంటాడు. స్పీగల్‌మన్ మొదటి బొమ్మలో వాద్యబృందాన్ని గీస్తాడు. తర్వాతి బొమ్మలో నడిచే ఖైదీల వరుస ఆ బృందాన్ని కప్పేస్తుంది, వాద్యాల కొసలు మాత్రం తలల పైన మిగులుతాయి. చరిత్ర చెప్పినదీ తండ్రి చెప్పినదీ రెండూ ఆ పేజీలో ఉన్నాయి.

1992లో ఈ పుస్తకానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది, బొమ్మల నవలకు ఆ గౌరవం అదే మొదటిసారి. న్యూయార్క్ టైమ్స్ దీన్ని కల్పన జాబితాలో వేస్తే, ఇది జరిగిన కథ అని రచయిత ఉత్తరం రాసి మార్పించాడు. పోలండ్‌లో పందుల బొమ్మల మీద కోపం రేగింది, 2001లో అనువాదం వచ్చినప్పుడు నిరసనకారులు పుస్తకాన్ని తగలబెట్టారు. 2022 జనవరిలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మెక్‌మిన్ కౌంటీ విద్యాబోర్డు దీన్ని ఎనిమిదో తరగతి పాఠ్యాంశాల నుంచి తొలగించింది. తిట్టు మాటలూ, ఒక నగ్న చిత్రమూ కారణమన్నారు. ఆ చిన్న చిత్రం స్నానపుతొట్టిలో ప్రాణం పోయిన ఆన్యాది. వార్త వెలువడగానే పుస్తకం అమ్మకాలు అమాంతం పెరిగాయి.

యుద్ధం ముగిశాక, చివరికి చేరిన డాకౌ శిబిరం నుంచి బతికొచ్చిన వ్లాదెక్, సొస్నోవియెత్స్‌లో ఆన్యాను కలుసుకుంటాడు. ఇద్దరూ కౌగిలించుకున్న బొమ్మతో తండ్రి కథ ఆపేస్తాడు. మంచం మీద పక్కకు తిరిగి, అలసిపోయాను, ఇవాళ్టికి చాలంటాడు. అలా అంటూ ఎదురుగా ఉన్న ఆర్ట్‌ను, ఎప్పుడో పసితనంలోనే పోయిన పెద్దకొడుకు పేరుతో రిష్యూ అని పిలుస్తాడు. కింద ఒకే సమాధిరాయి ఉంటుంది. దాని మీద వ్లాదెక్, ఆన్యా పేర్లు పక్కపక్కన చెక్కి ఉంటాయి.